జీతం తగ్గినా సరే, ఆ ఉద్యోగంలో చేరమంటారా?

ప్రశ్న: నా వయసు 38. ఇప్పుడున్న కంపెనీలో ఆరేళ్ల నుంచి పనిచేస్తున్నాను. మూడేళ్లుగా ఒక పెద్ద టీమ్ బాధ్యత నాదే. జీతం బాగుంది. కానీ వారానికి అరవై గంటల పని, రాకపోకలకు మరో పది గంటలు. రాత్రి పదకొండింటికి కూడా పైవాళ్ల ఫోన్లు వస్తాయి. పొద్దున ఒకటి చెప్పి సాయంత్రానికి మార్చేస్తారు, టీమ్‌కి సమాధానం చెప్పుకోవలసింది మాత్రం నేను. ఆదివారం మధ్యాహ్నం నుంచే టెన్షన్ మొదలవుతుంది. రాత్రి రెండింటికి మెలకువ వస్తే గుండె దడగా ఉంటుంది, మళ్లీ నిద్ర పట్టదు. మా పాపకి ఎనిమిదేళ్లు. నాకు ఏదైనా చెప్పాలంటే ముందు ‘నాన్నా, ఫోన్ అయిపోయిందా?’ అని అడుగుతుంది. పనిభారం తగ్గించమని ఆఫీసులో రెండుసార్లు అడిగాను. ‘ఇంకో ఆరు నెలలు ఓపిక పట్టు’ అని రెండుసార్లూ అదే మాట అన్నారు.

ఈమధ్య ఒక చిన్న సంస్థ నుంచి ఆఫర్ వచ్చింది. కొత్తగా చేరినవాళ్లకు పని నేర్పే ఉద్యోగం. నాకు మొదటి నుంచీ ఇష్టమైన పని అదే. ఒక రోజంతా వాళ్ల ఆఫీసులో ఉండి వచ్చాను, చాలా బాగా అనిపించింది. రాకపోకలతో కలిపినా వారానికి యాభై గంటలు దాటదు. కానీ జీతం 30 శాతం తక్కువ. ఇంటి లోన్ ఇంకా పదకొండేళ్లు కట్టాలి. మా ఆవిడ కూడా ఉద్యోగం చేస్తోంది, ఇంటి ఆదాయంలో మూడో వంతు తనది. ఈఎమ్ఐ, ఖర్చులు పోను ఇద్దరి జీతాల్లో నాలుగో వంతు మిగులుతోంది. తనని అడిగితే ‘నీ ఇష్టం’ అంటోంది. నాన్నగారు మాత్రం ‘ఈ వయసులో ఎవరైనా పైకి వెళ్తారు గానీ కిందికి దిగుతారా’ అంటున్నారు. మూడు వారాల్లో జవాబు చెప్పాలి. ఏం చేయమంటారు?

సమాధానం: చేరండి. మీరు రాసినదాన్ని బట్టి నా సలహా అదే. కాకపోతే, ఈ మూడు వారాల్లో చేయవలసిన పనులు కొన్ని ఉన్నాయి. అవి చేయకుండా ఊరట కోసమే ఆ కాగితం మీద సంతకం పెడితే, ఏడాది తిరిగేసరికి ఇంకో రకం టెన్షన్‌తో నిద్ర పట్టని పరిస్థితి రావచ్చు.

అన్నిటికంటే ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లండి. రాత్రిళ్లు గుండె దడతో మెలకువ రావడానికి కారణం ఉద్యోగమేనని మీకు మీరే తేల్చేసుకోకండి. అదే కారణం కావచ్చు, థైరాయిడ్, రక్తపోటు లాంటివీ కావచ్చు. ఉద్యోగం మారాక అన్నీ సర్దుకుంటాయిలే అని ఊరుకోవద్దు. ఈ వారమే చూపించుకోండి.

ఇక మీ పాప అడిగే ప్రశ్న సంగతి. పిల్లలు మామూలుగా అలా అడగరు. గదిలోకి పరిగెత్తుకొచ్చి, మనం ఏం చేస్తున్నా పట్టించుకోకుండా చెప్పాలనుకున్నది చెప్పేస్తారు. ఆ పిల్ల మీ దగ్గరికి వచ్చేముందు ఆగి, మీ ముఖం చూసి, పర్మిషన్ అడగడం నేర్చుకుంది. ఎవరో కసిరితే నేర్చుకున్నది కాదు, మీ చేతిలోని ఫోన్‌ని చూసి తనంతట తనే అలవాటు చేసుకుంది. మీలో అపరాధభావం పెంచాలని ఇది రాయడం లేదు. ఈ ఉద్యోగానికి మీ ఇల్లు కడుతున్న ధరలో ఇదీ ఒక భాగం. జీతం లెక్కలు వేసేటప్పుడు దీన్ని కూడా లెక్కలో పెట్టుకోవాలి.

ఆరోగ్యం మాటకొస్తే మీ భయం ఊరికే కలిగింది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ఒక పెద్ద అంచనా వెలువరించాయి. వారానికి 35 నుంచి 40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే, 55 గంటలు, అంతకు మించి పనిచేసేవారికి పక్షవాతం ముప్పు 35 శాతం, గుండె రక్తనాళాల జబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువని తేల్చాయి. మీరు పనిచేస్తున్నది 60 గంటలు. రాకపోకల పది గంటలు అందులో కలపనే లేదు.

కానీ గంటలొక్కటే అసలు సమస్య అని నేను అనుకోవడం లేదు. ఇష్టమైన పని అరవై గంటలు చేసి కూడా హాయిగా నిద్రపోయేవాళ్లు ఉంటారు. మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించిన వాక్యం ‘పొద్దున ఒకటి చెప్పి సాయంత్రానికి మార్చేస్తారు’ అన్నది. బాధ్యత మీది, నిర్ణయం ఇంకొకరిది. రాబర్ట్ కరాసెక్ అనే పరిశోధకుడు 1979లోనే ఈ విషయం చెప్పాడు. పని ఒత్తిడి ఎక్కువగా ఉండి, ఆ పని ఎలా చేయాలో నిర్ణయించుకునే స్వేచ్ఛ తక్కువగా ఉన్నచోట మనిషి ఎక్కువగా దెబ్బతింటాడని ఆయన సిద్ధాంతం. తర్వాత బ్రిటన్ ప్రభుత్వ ఉద్యోగులను ఏళ్ల తరబడి గమనిస్తూ వచ్చిన వైట్‌హాల్ అధ్యయనంలోనూ, తమ పని మీద తమకు పట్టు లేనివారిలో గుండె జబ్బులు ఎక్కువగా కనిపించాయి.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, అలసిపోయిన మనిషికి రెండే దారులు కనిపిస్తాయి. ఉంటే ఇక్కడ, లేకపోతే అక్కడ. మూడో దారి కూడా ఉంటుంది. ఇంత జీతమే ఇస్తూ, నిర్ణయాలు మీ చేతికి వదిలే ఇంకో కంపెనీ దొరకవచ్చు. అలాంటిది మీరు వెతికారా? వెతకకపోతే ఈ మూడు వారాల్లో నలుగురు పాత సహోద్యోగులకు ఫోన్ చేసి కనుక్కోండి. ఏమీ దొరకకపోయినా ఫర్వాలేదు, వెతికి చూశానన్న నిశ్చింత మిగులుతుంది. ఇప్పుడున్న చోట మళ్లీ అడగమని మాత్రం చెప్పను. రెండుసార్లు అడిగారు, రెండుసార్లూ ఆరు నెలలు ఆగమన్నారు. మూడోసారి అడిగితే కొత్త జవాబు వస్తుందని నమ్మడానికి మీరు రాసినదాంట్లో నాకు ఆధారమేదీ కనిపించలేదు.

ఇప్పుడు డబ్బు గురించి. ఇక్కడ కాస్త ఓపిగ్గా చదవండి, చాలామంది పొరబడేది ఇక్కడే.

ముందు మీకు నచ్చే లెక్క. ఇప్పటి మీ జీతం 100 అనుకుందాం. రాకపోకలతో కలిపి వారానికి 70 గంటలు ఇచ్చి ఆ 100 తెచ్చుకుంటున్నారు. అంటే గంటకు 1.43. కొత్త చోట 50 గంటలకు 70, అంటే గంటకు 1.40. మీ గంట విలువ దాదాపుగా తగ్గలేదు, మీరు అమ్ముతున్న గంటలే తగ్గాయి. వారానికి ఇరవై గంటల చొప్పున ఏడాదికి సుమారు వెయ్యి గంటలు మీకు తిరిగి వస్తాయి. నాన్నగారు ‘కిందికి దిగడం’ అంటున్నారు గానీ, ఈ లెక్క చూస్తే అది దిగడంలా లేదు.

కానీ ఈఎమ్ఐ కట్టేది నెల జీతంలోంచే కాబట్టి, అంతగా నచ్చని లెక్క కూడా చూడాలి. మీ ఇద్దరి ఆదాయం కలిపి 100 అనుకోండి. అందులో మీది 67, ఆవిడది 33. మీ 67లో 30 శాతం తగ్గితే 20 పోతుంది. ఇప్పుడు మిగులుతున్నది 25. అందులోంచి 20 తీసేస్తే చేతిలో ఉండేది 5. ఇంటి ఆదాయం తగ్గేది అయిదో వంతే, పొదుపు మాత్రం అయిదో వంతుకు పడిపోతుంది. ‘ముప్ఫై శాతమే కదా, సర్దుకుంటాం’ అనుకునేవాళ్లు ఈ తేడాను చూడరు. ఖర్చులు, ఈఎమ్ఐ ఎక్కడివక్కడే ఉంటాయి, తగ్గినదంతా పొదుపు మీదే పడుతుంది.

ఇంకొకటి. ఇంక్రిమెంట్లు శాతాల్లో ఇస్తారు. రెండు చోట్లా ఏటా 5 శాతం చొప్పున పెరుగుతుందనుకుంటే, ఇవాళ 100, 70గా ఉన్న జీతాలు పదేళ్లకు 163, 114 అవుతాయి. ఇవాళ్టి 30 తేడా అప్పటికి 49 అవుతుంది. ఆ దూరం దానంతట అది పూడదు. ఇది తెలిసి కూడా నేను చేరమనే అంటున్నాను. అయితే తెలియకుండా చేరడం వేరు, తెలిసి చేరడం వేరు. తెలిసి చేరినవాళ్లు తర్వాత ఎప్పుడైనా పాత సహోద్యోగి జీతం గురించి వింటే కుంగిపోరు.

ఈ అంకెలు కొంచెం మెరుగయ్యే వీలూ ఉంది. ఆదాయాన్ని బట్టి పన్ను శాతం పెరిగే చోట, మొత్తం జీతం 30 శాతం తగ్గితే చేతికొచ్చేది అంతకంటే తక్కువే తగ్గుతుంది, ఎందుకంటే ఎక్కువ పన్ను పడే పై భాగమే ముందు పోతుంది. మీరు 30 శాతం అన్నది చేతికొచ్చే జీతంలోనా, ఆఫర్ లెటర్ మీదున్న మొత్తంలోనా? సరిచూసుకోండి. అలాగే ఈ ఉద్యోగం వల్లే అవుతున్న ఖర్చులు కొన్ని ఉంటాయి. వండుకునే ఓపిక లేక బయటినుంచి తెప్పించుకున్న భోజనాలు, ఇంట్లో లేనందుకు కొనిచ్చిన బొమ్మలు, అర్ధరాత్రి నిద్ర పట్టక ఫోన్‌లో ఆర్డర్ పెట్టి తర్వాత వాడని వస్తువులు. గత ఆరు నెలల బ్యాంక్ స్టేట్‌మెంట్ ముందు పెట్టుకుని వీటి పక్కన పెన్నుతో గీత పెట్టండి. మొత్తం ఎంతవుతుందో మీకే తెలుస్తుంది.

ఆ తర్వాత ఒక పని ఈ నెల జీతంతోనే మొదలుపెట్టండి. జీతం పడిన రోజే అందులో 30 శాతం వేరే ఖాతాలోకి పంపేసి, మిగిలినదానితో నెల గడపండి. నోటీస్ పీరియడ్ పూర్తయ్యేదాకా అలాగే చేయండి. ఇది చేస్తే రెండు ప్రయోజనాలు. కొత్త జీతంతో బతకడం ఎలా ఉంటుందో ఇద్దరికీ అనుభవంలోకి వస్తుంది, ఆ పక్కన పెట్టిన డబ్బు అత్యవసర నిధికి చేరుతుంది. కనీసం ఆరు నెలల ఈఎమ్ఐ, ఇంటి ఖర్చులకు సరిపడా డబ్బు వెంటనే తీసుకోగలిగేలా ఉండాలి. అది ఇప్పటికే ఉంటే నాకు ఇక సందేహం లేదు. లేకపోతే, చేరే తేదీని ఒకటి రెండు నెలలు వెనక్కి జరపమని కొత్త సంస్థను అడగండి. ఈలోగా ఏదైనా బోనస్ రావలసి ఉంటే అది చేతికి వచ్చాకే రాజీనామా పెట్టండి. లోన్ గడువు పెంచుకుని ఈఎమ్ఐ తగ్గించుకోవచ్చు గానీ, మొత్తంమీద కట్టే వడ్డీ బాగా పెరుగుతుంది. ఆ అవకాశాన్ని చివరికి ఉంచుకోండి. కంపెనీ తరఫున మీ కుటుంబానికి ఆరోగ్య బీమా ఉంటే, కొత్త చోట అది ఉందో లేదో, అమ్మానాన్నలకు వర్తిస్తుందో లేదో ఇప్పుడే కనుక్కోండి. జీతంలో తేడా కాగితం మీద కనిపిస్తుంది, ఇలాంటివి కనిపించవు.

డబ్బు ఎక్కువైతే సంతోషం పెరుగుతుందా అన్నదాని మీద కూడా ఒక మాట. డేనియల్ కానమన్, ఆంగస్ డీటన్ 2010లో అమెరికన్ల మీద చేసిన అధ్యయనంలో, ఏడాదికి సుమారు 75,000 డాలర్లు దాటాక రోజువారీ సంతోషం పెద్దగా పెరగడం లేదని కనిపించింది. తర్వాత మాథ్యూ కిల్లింగ్స్‌వర్త్ 2021లో, లేదు, పెరుగుతూనే ఉంటుందని చూపించాడు. కానమన్, కిల్లింగ్స్‌వర్త్ ఇద్దరూ వాదించుకోకుండా బార్బరా మెల్లర్స్ అనే మరో పరిశోధకురాలితో కలిసి లెక్కలన్నీ మళ్లీ చూసి 2023లో ఉమ్మడిగా ఫలితం ప్రకటించారు. ఎక్కువమందికి ఆదాయంతో పాటు సంతోషమూ పెరుగుతుంది. కానీ బాగా దుఃఖంలో ఉన్నవాళ్ల విషయంలో ఒక స్థాయి దాటాక డబ్బు పెరిగినా బాధ తగ్గదు. ఇది చదివినప్పుడు నాకు మీలాంటివాళ్లే గుర్తొస్తారు. డబ్బు తీర్చగల బాధలు మీకు ఇప్పటికే చాలావరకు తీరాయి. రాత్రి రెండింటికి మిమ్మల్ని లేపుతున్నది జీతం పెరిగితే తీరే బాధ కాదు.

ఇప్పుడు కొత్త ఉద్యోగం వైపు చూద్దాం. మీరు అక్కడ గడిపింది ఒక్క రోజు. అది కూడా మిమ్మల్ని రప్పించుకోవాలనుకుంటున్న రోజు. మూడేళ్లుగా నలిగిపోయిన మనిషికి, ఎవరూ అరవని ఆఫీసు ఏదైనా స్వర్గంలాగే కనిపిస్తుంది. పై స్థాయి మేనేజర్ల మీద 2005లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం, ఉద్యోగం మారిన కొత్తలో తృప్తి బాగా పెరిగి, ఆ తర్వాత మళ్లీ తగ్గుతుంది. పెళ్లయిన కొత్తలో ఉండే ఉత్సాహం లాంటిదే ఇది. కాబట్టి జవాబు చెప్పేముందు ఇంకోసారి వెళ్లండి, ఈసారి సాయంత్రం వేళ. ఆరున్నరకు ఎంతమంది ఇంకా కుర్చీల్లో ఉన్నారో చూడండి. ఈ పని ఇంతకుముందు ఎవరు చేశారు, ఎందుకు మానేశారు అని సూటిగా అడగండి. వీలైతే ఆ మనిషితోనే మాట్లాడండి. ఎవరికి ఏం నేర్పాలో నిర్ణయించేది మీరా, లేక పైనుంచి వస్తుందా? దీనికి వాళ్లిచ్చే జవాబు నా దృష్టిలో జీతం కంటే ముఖ్యం. అక్కడ కూడా పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి చెప్పేవాళ్లే ఉంటే, తక్కువ జీతానికి ఇదే బాధను కొనుక్కున్నట్టవుతుంది. అలా ఉందని తేలితే చేరవద్దు. బయటికి రావాలనే నిర్ణయం మార్చుకోనక్కర్లేదు, వెతకడం కొనసాగించండి.

జీతం గురించి కూడా ఒకసారి అడిగి చూడండి. మొహమాటపడకండి. 30 శాతం కోతను 22కో 25కో తీసుకురాగలిగితే, మీ పొదుపు లెక్కలో అది చాలా పెద్ద మార్పు. డబ్బు పెంచలేమంటే, ఏడాది తర్వాత జీతం సమీక్షిస్తామని ఆఫర్ లెటర్‌లో రాయించండి, లేదా వారానికి రెండు రోజులు ఇంటి నుంచి పని అడగండి. చిన్న సంస్థలు డబ్బు విషయంలో బిగుసుకున్నా, ఇలాంటి వాటికి ఒప్పుకుంటూ ఉంటాయి.

మీ ఆవిడ అన్న ‘నీ ఇష్టం’ దగ్గరికి వస్తాను. దాన్ని మీరు ఒప్పుకోలుగా తీసుకున్నట్టున్నారు. నాకైతే అలా వినిపించలేదు. ‘వద్దు’ అంటే మీ ఆరోగ్యం పాడైనప్పుడు తన వల్లే అయిందని అనిపిస్తుంది. ‘సరే’ అంటే రేపు డబ్బుకు ఇబ్బంది వచ్చినప్పుడు తనూ బాధ్యురాలే అవుతుంది. ఇంత బరువైన ప్రశ్నను ‘ఏమంటావ్?’ అని ఒక్క ముక్కలో అడిగితే ఎవరైనా అలాగే తప్పుకుంటారు. మీరు వేసుకున్న లెక్కలన్నీ తన ముందు పెట్టండి. ‘నెలకు ఇంతే మిగులుతుంది. ఇందులో నువ్వు అస్సలు వదులుకోలేనిది ఏది?’ అని అడగండి. పాప చదువు కోసం వేస్తున్న డబ్బు కావచ్చు, ఏడాదికోసారి వెళ్లే ప్రయాణం కావచ్చు. ఇంకొకటి కూడా అడగాలి. మీ జీతం తగ్గితే ఇంట్లో తన ఉద్యోగం మీద ఆధారం పెరుగుతుంది. తన ఆఫీసులో పరిస్థితి ఎలా ఉంది? తనకూ మారాలని, కొన్నాళ్లు ఆగాలని ఉందేమో! మీ టెన్షన్ తీసి తన నెత్తిన పెట్టడం కాకూడదు కదా. తన ఉద్యోగం కుదురుగా లేకపోతే, నేను పైన చెప్పిన ‘చేరండి’ని ‘కొన్నాళ్లు ఆగి చేరండి’గా మార్చుకోండి.

నాన్నగారితో వాదన పెట్టుకోకండి. ఆయన మాటల్లో ఉన్నది మీ మీద బెంగ. ఒకే కంపెనీలో మెట్టు మెట్టుగా ఎక్కడమే భద్రత అనుకున్న తరం అది. ‘రాత్రిళ్లు నిద్రపోవడం లేదు నాన్నా, డాక్టర్‌కి చూపించుకున్నాను’ అని ఉన్నదున్నట్టు చెప్పండి. నాకు తెలిసి మీరు ఇంతవరకు ఆయనకు జీతం గురించి, హోదా గురించే చెప్పి ఉంటారు, ఈ సంగతి చెప్పి ఉండరు. ఇక బయటివాళ్లు అడిగితే ‘నాకు నచ్చిన పని దొరికింది’ అంటే చాలు. జీతం ఎంతో చెప్పవలసిన అవసరం లేదు.

మీలో ఇంకో భయం కూడా ఉందనుకుంటాను, రాయలేదు గానీ. ఈ ఒత్తిడిని తట్టుకోలేకపోయాను, అంటే నాలోనే ఏదో లోపం ఉంది అన్న భయం. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బర్నవుట్‌ను నిర్వచించినప్పుడు దాన్ని జబ్బుగా కాదు, పనికి సంబంధించిన పరిణామంగా పేర్కొంది. పనిచోట దీర్ఘకాలంగా ఉంటూ, సర్దుబాటు కాని ఒత్తిడి వల్ల వచ్చేదని చెప్పింది. ఓపికంతా హరించుకుపోవడం, పని అంటేనే విరక్తి పుట్టడం, ఏం చేసినా సరిగా చేయలేకపోతున్నానన్న భావన దాని లక్షణాలు. ఆ మూడోది చూడండి. చేతకానివాడినన్న భావన కూడా ఆ ఒత్తిడి తెచ్చిపెట్టేదే. మూడేళ్లు అంత పెద్ద టీమ్‌ను నడిపినవారు మీరు. ఇప్పుడు ఇంకొకరికి పని నేర్పడానికి మిమ్మల్ని పిలుస్తున్నారంటే ఆ నడిపిన తీరు చూసే.

వెళ్లేటప్పుడు పాత కంపెనీలో ఎవరితోనూ చెడ్డ కాకండి. ఆఫర్ లెటర్ సంతకాలతో చేతికి వచ్చాకే రాజీనామా ఇవ్వండి. రాజీనామాలో కారణాలు రాయనక్కర్లేదు, రెండు లైన్లు చాలు. అప్పుడు వాళ్లు జీతం పెంచి, ఉండిపొమ్మని అడిగే అవకాశం ఉంది. ‘ఎంత పెంచుతారు’ అని కాకుండా, ‘రాత్రి ఫోన్లు ఆగుతాయా, నిర్ణయాలు నా చేతిలో ఉంటాయా, రాసి ఇస్తారా’ అని అడగండి. రాసి ఇవ్వకపోతే మీ నోటీస్ పీరియడ్ ఆ రోజు నుంచే లెక్కపెట్టుకోండి. వీలైతే రెండు ఉద్యోగాల మధ్య ఒక వారమైనా ఖాళీ ఉంచుకోండి, ఆ వారం పాప స్కూలుకు సెలవులు కలిసొచ్చేలా చూసుకోండి.